గోరు, గొడ్డలి

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు
తలుపు మూసేస్తారు.
తలుపంటే తలుపు కాదు, తెర మీద ఆకుపచ్చ బొత్తాం.
ఒంటిగంటా ఒక నిమిషానికి అది బూడిదరంగులోకి పోతుంది,
మూడేళ్ళ పని ఇవతలే నిలబడిపోతుంది.

షెఫీల్డ్‌లో వాన.
కిటికీ కింద ట్రాము మూలుగుతూ కొండెక్కుతోంది.
నా ముందు అరవై రెండు పేజీల దరఖాస్తు:
జీతాలు, ఎలుకల జోలికి వెళ్ళనని హామీ,
పట్టీ గజం ఎంత, నర్సు గంట ఎంత,
రోగులు కారు నిలుపుకోవడానికి ఎంత.
లెక్కల ఆఫీసు రోడెరిక్ ఆ ఆఖరి అంకె దగ్గరే
మూడుసార్లు ఆగాడు.
నైతిక కమిటీ సంతకానికి ముందు నిధి రావాలట,
నిధికి ముందు ఆ సంతకం రావాలట.
కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి.
నా పనంతా కాళ్ళతోనే కనుక
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నిజానికి చాలా చిన్న సంగతి.
షుగరున్న మనిషి అరికాల్లో పుండు.
నరం చచ్చింది, నొప్పి చెప్పదు.
చీము పట్టబోయే ముందు ఆ తడి
కొంచెం సున్నపు గుణానికి తిరుగుతుంది.
పసుపు పట్టించిన గుడ్డ కట్టి ఉంచితే
అది ఎర్రబడుతుంది.
అంతే.
మా మేనత్త ఇత్తడి పళ్ళెంలో
పసుపునీళ్ళకు చిటికెడు సున్నం తగిలించి
పెళ్ళికూతురి పాదాలకు దిద్దిన పారాణి.
అక్కడ శుభం, ఇక్కడ హెచ్చరిక.
గాజుగిన్నెలో పన్నెండొందల సార్లు ఎర్రబడింది,
మనిషి కాలి మీద ఒక్కసారీ కాదు.
ఆ గిన్నెకూ ఈ కాలికీ నడుమ దూరానికే
నేను సర్కారును డబ్బు అడుగుతున్నాను.
ఆ దూరానికి వీళ్ళు పెట్టిన పేరులో
అనువాదం అనే మాట దాక్కుని ఉంది.

ఏడో విభాగం: మామూలు మాటల్లో సారాంశం.
మూడొందల మాటలు మించరాదు.
పదకొండుసార్లు రాశాను.
బ్రెండా ఓల్డ్‌రాయిడ్ చదివింది.
పదిహేనో ఏటి నుంచి చెంచాలకు మెరుగు పెట్టిన చేతులు.
ఎడమకాలికి రెండు వేళ్ళు లేవు.
రోగుల తరఫు సభ్యురాలు, గంటకు పాతిక పౌండ్లు,
బడ్జెట్‌లో ఆమె కూడా ఒక వరుస.
ఎర్రపెన్ను మూత తీసింది.
'సూక్ష్మజీవుల భారం' కొట్టేసింది.
'జోక్యం' కొట్టేసింది. "ఎవరి సంసారంలో?"
'అంగవిచ్ఛేదన రేటు' దగ్గర మాత్రం
పెన్ను కాగితానికి ఆనలేదు.
"నావి రేటు కాదు పిల్లా, వేళ్ళు.
స్కార్‌బరో ఇసకలో ఆడిన వేళ్ళు."

ఆ ఇంగ్లిషులో నా దగ్గర ఇక సరుకు లేదు.
నోరు జారి తెలుగులో అన్నాను:
గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది.
ఏమిటదీ అంది.
గోరంటే గోరు. గొడ్డలంటే, చేత్తో నరికి చూపించాను.
తన బూటు వైపు చూసుకుంది.
"అది రాయి. అదొక్కటే రాయి."

ఫారం ఒప్పుకోదు కదా,
మిగతా మాటలూ రాయాల్సివచ్చింది.
పన్నెండూ యాభై రెండుకు బొత్తాం నొక్కాను.
బ్రెండా టీ కలిపింది,
చెంచా తిరగేసి, మెరుగు చూసి,
పనితనం లేదని పెదవి విరిచింది.

జూన్‌లో ఉత్తరం వచ్చింది.
మొదటి సమీక్షకుడు: పద్ధతి బాగుంది.
రెండో సమీక్షకుడు: రోగుల సంఖ్య చాలదు,
గొడ్డలి ప్రస్తావన అనవసరం.
మూడో సమీక్షకుడు: గొడ్డలి దగ్గరే నాకు అర్థమైంది.
తీర్పు: నిధికి అర్హం, ఈ విడతలో నిధి లేదు.
సెప్టెంబరులో మళ్ళీ రావచ్చు.

ఫోను చేసి చదివి వినిపించాను.
చాలాసేపు కెటిల్ మరుగుతున్న చప్పుడే వినిపించింది.
"కారు డబ్బు కోశారా?"
లేదన్నాను.
"సెప్టెంబరులో ఏ వారం?
పెన్ను అయిపోయింది, కొత్తది కొనాలి."